ఇతరాలు

నగరత్‌పేటలో చీకటి ఇంకా విడవకముందే
మా చిన్నాయన అశ్వర్థప్ప కుంచె పట్టుకుంటాడు.
మోకాళ్ళకు గోనెపట్టలు, చంకలో చాట.
నగల అంగళ్ళ ముందర నిన్నటి దుమ్మును
పసిబిడ్డ తల దువ్వినట్టు దువ్వుతాడు.

కార్పొరేషన్ బండి వచ్చేలోపల
మెట్ల సందుల్లో, మోరీ అంచున,
షట్టరు దిగే గాడిలో
నిద్రపోయేదాన్ని లేపాలి.

జలకడుగు పని.
హిందూపురం నుంచి మా తాత
మూటగట్టుకొచ్చిన ఒకే ఒక్క చదువు.

"దుమ్మనగాకమ్మే" అంటాడు,
"దాని పేరు దానికింకా గుర్తు రాలేదు, అంతే."

ఆయన లెక్కలో లోహాలకు గుణముంది.
ఇనుముకు ఆత్రం, వాన మాట వింటే చాలు తుప్పెక్కుతుంది.
రాగికి నోరాగదు,
చింతపండు తగిలితే కడుపులోదంతా కక్కేస్తుంది.
తగరం మాత్రం ఏడుస్తుంది.
నాకు ఆరేళ్ళప్పుడు
తగరపు కడ్డీ చెవి దగ్గర పెట్టి వంచాడు.
కీచుమని సన్నటి ఏడుపు.
ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

మరి బంగారానికి?
"దానికేముంది, ఏమీ లేదు.
కాబట్టే ఎవురి ఆశ వాళ్ళు దాంట్లో దాచిపెట్టుకుంటారు."

చాటలో నీళ్ళు తిరుగుతాయి.
తేలికైనవి పోతాయి, బరువైనవి అడుగున మిగులుతాయి.
మిగిలిన నల్ల బురద మీదికి
పాదరసం వదులుతాడు.
అది పరుగులు పెడుతుంది, ఆగుతుంది, వెతుకుతుంది,
కంటికి కనపడని రవ్వల్ని ఒక్కొక్కటే మింగుతుంది.
గుడ్డలో పిండి, మూసలో పెట్టి
గొట్టంతో ఊదుతాడు, ఊపిరి ఎగబీల్చి మళ్ళీ ఊదుతాడు.
రసం పొగై లేస్తుంది.
ఆవగింజంత పసుపు మిగులుతుంది.

"పొగ ఎక్కడికి పోతుంది చిన్నాయనా?"
"యాడికీ పోదు. ఎవురో ఒకరిలో ఉంటాది."

ఇప్పుడాయన చేతిలో టీ గ్లాసు నిలవదు.
సాసర్లోకి, లుంగీ మీదికి, నేల మీదికి టీ.
చిగుళ్ళ చుట్టూ నీలిగీత.
ఒక మాట చెబుతూ ఇంకో మాటలోకి జారిపోతాడు,
వెనక్కి పిలిస్తే చుక్కలు చుక్కలుగా వస్తాడు.

వెనకటికి సీసాన్ని బంగారం చేస్తామని
అడవుల్లో పుటాలు పెట్టినవాళ్ళున్నారట.
వాళ్ళకేం దొరికిందో తెలియదు.
మా ఇంట్లో మాత్రం
నలభై ఏళ్ళు సన్నమంట మీద పెట్టి
ఒక మనిషిని పాదరసం చేశారు.

నేను అవెన్యూ రోడ్డు పక్క సందులో
హాల్‌మార్క్ సెంటర్లో మిషన్ ముందు కూర్చుంటాను.
ఒరగల్లు లేదు, నిప్పు లేదు.
మూత వేస్తే ముప్పై సెకన్లు.
నగ గుట్టంతా తెర మీద అంకెలై నిలబడుతుంది.

మొన్న మధ్యాహ్నం వచ్చాడు.
గుడికొచ్చినట్టు చెప్పులు బయటే విడిచాడు.
ఏసీకి వణికాడో, మామూలు వణుకో.
అగ్గిపెట్టె తెరిస్తే నెలరోజుల వీధి,
శనగగింజంత.

బంగారం ఎనభైయేడున్నర.
వెండి ఆరు. రాగి నాలుగు.
ఇతరాలు రెండున్నర.

"ఇతరాలంటే ఏందిమ్మే?"
"మిషన్‌కు పేరు తెలియనివి" అన్నాను.

చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు.
"బెంగాలీ పిల్లోళ్ళ చెమట ఉంటాదిలే,
రాత్రంతా వంగి చేస్తారు పాపం.
పెండ్లి నిలబడక కరిగించిన తాళి ఒకటి ఉంటాది.
నా దగ్గు కూడా ఉండాల" అని నవ్వాడు.

గ్రాఫులో బంగారం శిఖరానికి ఆనుకుని,
దాని నీడేమో అనుకునేంత దగ్గరగా
ఇంకో చిన్న గీత లేచి ఉంది.
మిషన్‌కు దాని పేరు తెలుసు.
నాకూ తెలుసు.
తెరను కొంచెం నా వైపు తిప్పుకున్నాను.

అగ్గిపెట్టె మూయడానికి మూడుసార్లు ప్రయత్నించి
నా చేతికిచ్చాడు.
మూసిచ్చాను.
చెప్పులు తొడుక్కుంటూ
గాజు తలుపవతల నుంచి అన్నాడు,
"ఇంటికొచ్చినప్పుడు గడపలో బేసిన్ పెట్టుంటా,
నగలు తాకిన చేతులు, కాళ్ళు దాంట్లోనే కడుక్కో.
ఆ నీళ్ళు పారబొయ్యగాక."